శివారు పొలానికి నీరు

(యల్లాప్రగడ సుబ్బారావుగారి స్మృతిలో చేసిన ఉపన్యాసం. అచ్చు కోసం అక్కడక్కడ సవరించాను.)



సుబ్బారావుగారి పేరు మీద మాట్లాడమని అడిగినప్పుడు, ఆయన జీవితకథ చెప్పమంటారేమోనని భయపడ్డాను. భీమవరంలో పుట్టడం, మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కడం, మద్రాసులో ఖద్దరు కట్టిన పాపానికి ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవడం, 1922లో బోస్టన్ చేరడం, ఇవన్నీ మీకు నాకంటే బాగా తెలుసు. నేను పిల్లల క్యాన్సర్ వార్డు మనిషిని. ఆయనతో నా పరిచయమంతా పసుపుపచ్చని మందున్న ఒక చిన్న సీసా ద్వారానే. ఆ సీసా బతికించిన పిల్లల తలల్లో పదేళ్ళకో ఇరవయ్యేళ్ళకో ఏం బయటపడుతుందో చెప్పడానికి వచ్చాను. శుభమా అని స్మారకసభ పెట్టుకుంటే ఈ గోలేమిటని మీరు అనుకోవచ్చు. ఆయనైతే అనుకోడని నా ధైర్యం.

1947 చివర్లో బోస్టన్ పిల్లల ఆస్పత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే పాథాలజిస్టు చేతికి లెడర్లీ ప్రయోగశాల నుంచి ఒక కొత్త పదార్థం వచ్చింది. చూడ్డానికి అచ్చం ఫోలిక్ ఆమ్లమే. కణం దాన్ని నమ్మి లోపలికి రానిస్తుంది. వచ్చి అసలుదాని పీట మీద కూర్చుంటుంది, పని మాత్రం చెయ్యదు. దాంతో కణం రెండుగా చీలలేక చస్తుంది. ఆ దొంగ ఫోలిక్ ఆమ్లం పేరు అమినోప్టెరిన్. తయారుచేసింది సుబ్బారావుగారి బృందం. బ్లడ్ క్యాన్సర్‌తో రోజులు లెక్కపెట్టుకుంటున్న 16 మంది పిల్లలకు ఫార్బర్ దాన్నిస్తే, 10 మందిలో గుణం కనబడింది. 1948 జూన్‌లో ఆ వ్యాసం అచ్చయింది. రెండు నెలలు దాటీ దాటగానే, ఆగస్టులో, సుబ్బారావుగారు 53వ ఏట నిద్రలోనే పోయారు. ఆ పిల్లల్లో వచ్చిన గుణం నెలల ముచ్చటే అయింది. అమినోప్టెరిన్‌కు తమ్ముడి వరసయ్యే మెథోట్రెక్సేట్ ఆ తర్వాత దాని స్థానం తీసుకుని, ఇవాళ్టికీ మా వార్డులో ఉంది. ఒక్క బిడ్డకైనా ఈ జబ్బు పూర్తిగా నయం కావడం ఆయన చూడలేదు. నయమైన బిడ్డకు తర్వాత ఏమవుతుందన్న ప్రశ్న ఆనాడు పుట్టనే లేదు.

ఆ ప్రశ్న పుట్టడానికి ఇంకో ఇరవయ్యేళ్ళు పట్టింది. మందులతో రక్తం శుభ్రపడేది, పిల్లవాడు ఆడుకునేవాడు, కొన్ని నెలలకు తలనొప్పి, వాంతులతో తిరిగొచ్చేవాడు. రక్తానికీ మెదడుకూ మధ్య ప్రకృతి వేసిన గట్టు ఒకటుంది. మామూలు మోతాదులో మందు ఆ గట్టు దాటదు. నాలుగు క్యాన్సర్ కణాలు మాత్రం దాటి అవతల దాక్కుంటాయి. ఆ రోజుల్లో, ముందే మెదడుకు కాపు వెయ్యకపోతే, సగం మందికి పైగా పిల్లల్లో జబ్బు అక్కడినుంచే తిరగబెట్టేది. అమెరికాలోని మెంఫిస్‌లో 1962లో తెరిచిన సెయింట్ జూడ్ ఆస్పత్రిలో డొనాల్డ్ పింకెల్ దీనికి తెగించాడు. 1960ల చివర్లో, జబ్బు మెదడులో కనబడకముందే తలకు 24 గ్రేల రేడియేషన్ (అప్పటి లెక్కలో 2,400 ర్యాడ్లు), దానితోపాటు వెన్నులోకి సుబ్బారావుగారి మందు మెథోట్రెక్సేట్. నూటికి నలుగురైదుగురు బతికే చోట సగం మంది బతికారు. వైద్యంలో ఇంతటి మలుపు నా ఎరుకలో తక్కువ. మన దేశంలో 1980ల నుంచి వాడిన ఎం.సి.పి.-841 పద్ధతిలోనూ ఈ రెండూ ఉండేవి. మా దగ్గరికొచ్చే అమ్మానాన్నలు ఒకదాన్ని ‘తలకు కరెంటు పెట్టడం’ అంటారు, రెండోదాన్ని ‘నడుంలో సూది’ అంటారు. నేనూ అవే మాటలు వాడతాను.

ఒక పిల్ల గురించి చెబుతాను. పేరు చెప్పను, ఊరు కూడా చెప్పను, గోదావరి జిల్లా అంటే చాలు. అయిదేళ్ళప్పుడు వచ్చింది. కరెంటు పెట్టాం, నడుంలో సూదులు వేశాం, రెండున్నరేళ్ళు మాత్రలు మింగింది. పదో ఏట చివరి చెకప్‌కి వచ్చినప్పుడు వాళ్ళమ్మ చేతులు పట్టుకుని, “ఇంక మీకు నాతో పని లేదమ్మా” అన్నాను. ఆ మాట అనడం ఎంత బావుందో చెప్పలేను. ఫైలు కట్టేసి బీరువాలో పడేయించాను.

మూడేళ్ళ తర్వాత ఆవిడ మళ్ళీ వచ్చింది. జబ్బు తిరగబెట్టిందేమోనని గుండె గుభేలుమంది. అది కాదు.

“డాక్టరమ్మా, దీనికి చదువు తలకెక్కట్లేదండీ. ఇంటికాడ అడిగితే అన్నీ చెప్తాది. పరీచ్చలో కాయితం కాళీగా ఇచ్చేసి వత్తాది. మేస్టారు మొద్దు అంటన్నారు. మీకాడికొస్తే ఏం లాబం అని మా ఆయన తిట్టేడు. అయినా తీసుకొచ్చేను.”

సంచిలోంచి పరీక్ష కాయితాలు తీసింది. ఎనిమిదో తరగతి, సోషల్. ముత్యాల్లాంటి అక్షరాలు. మొదటి మూడు ప్రశ్నలకు జవాబులు పూర్తిగా, తప్పులేకుండా ఉన్నాయి. నాలుగో జవాబు ‘గోదావరి న’ దగ్గర ఆగిపోయింది. ‘నది’ అన్న మాట పూర్తయ్యేలోగా గంట కొట్టేశారన్నమాట. తర్వాత నాలుగు పేజీలు తెల్లగా ఉన్నాయి. రాసిన మూడింటికి మార్కులు పడ్డాయి. చివర ఎర్రసిరాతో ‘శ్రద్ధ లేదు’ అని రాసి ఉంది.

నేను నాలుగంకెలు చెప్పి, వెనకనుంచి చెప్పమన్నాను. రెండు చెప్పి కిటికీ వైపు చూసింది. ఏడో ఎక్కంలో ఏడెనిమిదులెంత అంటే చాలాసేపటికి ‘యాభయ్యారు’ అంది. సరైన జవాబే. అయితే ఈలోపు నేను మరో ప్రశ్న అడగబోయి నోరు తెరిచి ఉన్నాను. బళ్ళో రోజంతా ఈ పిల్లకు జరిగేది ఇదే కదా అని అప్పుడు తట్టింది. మేస్టారు తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయాక ఈ పిల్ల జవాబు వస్తుంది. బోర్డు మీద ఉన్నది సగం ఎక్కించుకునేలోపు డస్టరు పడుతుంది.

ఇందులో నాకు క్షమించుకోలేనిదొకటుంది. ఇది నేను కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. 1975లోనే పిల్లల క్యాన్సర్లు చూసే డాంజియో అనే అమెరికా డాక్టరు, నయం చేస్తే పని అయిపోలేదని శీర్షికలోనే చెబుతూ వ్యాసం రాశాడు. ఫిలడెల్ఫియాలోని అన్నా మెడోస్ బృందం 1981లో ‘లాన్సెట్’ పత్రికలో, తలకు రేడియేషన్ పెట్టిన పిల్లల ఐక్యూ ఏళ్ళు గడిచేకొద్దీ ఎలా తగ్గుతోందో లెక్కలతో చూపించింది. ఎంత చిన్న వయసులో పెడితే అంత దెబ్బ. ఆడపిల్లలకు ఇంకాస్త ఎక్కువ. ఇవన్నీ పరీక్షలకు చదివి, పాసై, మరిచిపోయినదాన్ని నేను. ఆ తల్లి ఎదురు తిరిగి రాకపోతే ‘గోదావరి న’ నా కంటపడేదే కాదు.

ఐక్యూ తగ్గుతుందంటే చాలామంది తల్లిదండ్రులు ఉన్న తెలివి కారిపోతోందని భయపడతారు. నేర్చుకున్నది పోదు. ఆ పిల్లకు ఎక్కం వచ్చు, కథలు వచ్చు, పాటలూ వచ్చు. తోటివాళ్ళు ఏడాదికి పది మెట్లెక్కితే తను ఆరు ఎక్కుతుంది. ఐక్యూ అనేది ఆ వయసు పిల్లలతో పోల్చి కట్టే లెక్క కాబట్టి, ఆరెక్కినా కింద పడుతున్నట్టు కనిపిస్తుంది. మెడుల్లోబ్లాస్టోమా అనే చిన్నమెదడు గడ్డ నుంచి బయటపడ్డ పిల్లల్ని ఏళ్ళ తరబడి పరీక్షించిన పరిశోధకులు కచ్చితంగా ఈ మాటే చెప్పారు. ఆ తేడా తొలి ఏడాది కనిపించదు. రెండో తరగతిలో ఎవరికీ అనుమానం రాదు. హైస్కూల్లో బరువు పెరిగాక బయటపడుతుంది. ఈలోపు ఆ బిడ్డకు క్యాన్సర్ వచ్చిన సంగతే బడి మరిచిపోతుంది, లేదా అసలు తెలియదు.

కారణం చెప్పమంటే నేను డెల్టా రైతుల భాషలోకి దిగుతాను. మెదడులో ఆలోచించే కణాలు పొలాల్లాంటివి. వాటిని కలిపే తీగలు కాలవలు. ఆ తీగల చుట్టూ మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది. తొడుగు ఉన్న చోట కబురు పరుగెడుతుంది, లేనిచోట నడుస్తుంది. పుట్టింది మొదలు ఇరవై దాటేదాకా మెదడు ఈ తొడుగులు చుట్టుకుంటూనే ఉంటుంది. చుట్టే కణాలకు రేడియేషన్ అంటే పడదు. మెథోట్రెక్సేట్ కూడా పడదు. పొలం బాగానే ఉన్నా కాలవలో పూడిక పడుతుంది. శివారు పొలానికి నీరు వస్తుంది, కాకపోతే ఆలస్యంగా వస్తుంది. శివారు రైతును పట్టుకుని ‘నీకు వ్యవసాయం రాదు’ అని ఎవరైనా అంటారా? మన బళ్ళు అంటాయి.

మా వృత్తిని వెనకేసుకొచ్చే ముక్క ఒకటి చెప్పుకోనివ్వండి. కరెంటు మోతాదు 24 నుంచి 18 గ్రేలకు, చాలామందికి 12కు దిగింది. ఆఖరికి సెయింట్ జూడ్‌లో 2000 నుంచి 2007 వరకూ నడిపిన అధ్యయనంలో తలకు ముందుజాగ్రత్త రేడియేషన్‌ను పూర్తిగా ఎత్తేశారు. 498 మంది పిల్లలు. 2009లో ఫలితాలొచ్చాయి: అయిదేళ్ళ తర్వాత నూటికి 93 మందికి పైగా బతికున్నారు. ఎక్కడ భవనం కూలినా మనకు పేపర్లో మొదటి పేజీ వార్త. ఇది మాత్రం ఏ పేపర్లోనూ నా కంటపడలేదు. ఇవాళ బ్లడ్ క్యాన్సర్ పిల్లల్లో ఎక్కువమందికి తలకు కరెంటు అవసరం రాదు.

అయితే కరెంటు పోయిన చోట సుబ్బారావుగారి మందు బరువు పెరిగింది. పెద్ద మోతాదుల్లో నరంలోకి, పదేపదే వెన్నులోకి. సూది వేసిన వారం పదిరోజులకు ఒక్కోసారి ఉన్నట్టుండి కుడిచెయ్యి పడిపోతుంది, మాట తడబడుతుంది. పక్షవాతమని ఇల్లంతా ఏడుస్తారు. చాలామందిలో గంటల్లోనో రోజుల్లోనో సర్దుకుంటుంది, ఆ తర్వాత మందు మళ్ళీ ఇచ్చినా తట్టుకునేవాళ్ళే ఎక్కువ. అది పైకి కనిపించే దెబ్బ. కనిపించనిది ధ్యాస మీద పడుతుంది. 2018లో స్టాన్‌ఫోర్డ్‌లో మిషెల్ మోంజే బృందం ఎలుకల మీద చేసిన పనిలో దీని తీరు కొంత తేలింది. మెథోట్రెక్సేట్ మెదడులోని కాపలా కణాలను రెచ్చగొడుతుంది. మందు ఆపేసినా అవి చల్లబడవు. వాటి చిరాకు పక్క కణాలకు అంటుకుని, చివరికి తొడుగు చుట్టాల్సిన కణాలు ఎదగడం మానేస్తాయి. కాపలావాడే ఇల్లు పీకడమన్నమాట. ఆ కాపలా కణాలను తగ్గించి చూస్తే ఎలుకల జ్ఞాపకం మెరుగుపడింది. పిల్లలకు పనికొచ్చే మందుగా అది ఎప్పుడు మారుతుందో చెప్పే స్థోమత నాకు లేదు.

(సభలో కీళ్ళవాతం ఉన్న పెద్దవాళ్ళు ఇద్దరు ముగ్గురు మొహాలు చూసుకుంటున్నారు. మీరు వారానికోసారి వేసుకునేది ఈ మందే. ఆ కొద్దిపాటి మోతాదుకు నేను చెప్పినవేవీ వర్తించవు. వారానికోసారి అంటే వారానికోసారే సుమండీ. పొరపాటున రోజూ వేసుకుని మా దగ్గరికి వచ్చినవాళ్ళున్నారు.)

తలలో దెబ్బ సంగతి ఇది. కాలిలో దెబ్బ ఇంకొకటి. వార్డు వరండాలో ఒక కుర్రాడు, ఆరేళ్ళుంటాయి, ఒక కాలికి చెప్పుతో నడిచొస్తున్నాడు. రెండో చెప్పు నాలుగు బారల వెనక పడి ఉంది. “నీ చెప్పేదిరా?” అంటే కిందికి చూసుకుని ఆశ్చర్యపోయాడు. జారిన సంగతి కాలికే తెలియలేదు. అది విన్‌క్రిస్టిన్ పని. మన పెరట్లో నీళ్ళు పొయ్యకపోయినా పూసే బిళ్ళగన్నేరు నుంచి తీసిన మందది. 1963 నుంచి వాడుకలో ఉంది. కణం చీలేటప్పుడు కట్టుకునే సన్నని గొట్టాలను అది కూల్చేస్తుంది, క్యాన్సర్ కణం ఆగిపోతుంది. వెన్నునుంచి కాలి బొటనవేలి దాకా సాగే నరంలో సరుకు రవాణా కూడా ఆ గొట్టాల మీదే. అందుకే అన్నిటికన్నా పొడుగు నరాలకు, అంటే పాదాలకు, ముందు తగులుతుంది. మళ్ళీ శివారే చూడండి. మడమ వెనక సుత్తితో తడితే పాదం కదలదు, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, పిల్లవాడు పాదం ఈడుస్తూ చప్పుడు చేసుకుంటూ నడుస్తాడు. ఎక్కువమందికి నెలల్లో తగ్గుతుంది. కొందరికి పెద్దయ్యాకా గుండీ పెట్టుకోవడం, పరుగెత్తడం కష్టంగానే మిగులుతుంది. ఈ మందు నరంలోకే పోవాలి. వెన్నులోకి పోతే ప్రాణం తీస్తుంది కాబట్టి, నడుంలో సూది వేసే గదిలోకి దాన్ని రానివ్వకూడదన్నది మాకు మడి ఆచారమంత గట్టిది. ఆ కుర్రాడి తల్లి మర్నాటికి చెప్పుల వెనక లంగా బొందు గుడ్డతో పట్టీ కుట్టుకొచ్చింది. ఫిజియోథెరపిస్టు దాన్ని చూసి నాకంటే ముందు మెచ్చుకున్నాడు.

మెదడు గడ్డల పిల్లల కథ ఇంకా బరువైనది, సగం సగం చెప్పి వదలడం నాకిష్టం లేదు. రెండు ముక్కలు మాత్రం. చిన్నమెదడులో గడ్డ తీశాక ఒకటి రెండు రోజులు బాగానే మాట్లాడి, ఆ తర్వాత నోరు మూసేసే పిల్లలుంటారు. మెడుల్లోబ్లాస్టోమా పిల్లల్లో దాదాపు నలుగురిలో ఒకరికి ఇది జరుగుతుంది. దయ్యం పట్టిందంటారు, అలిగారంటారు. వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఒక పాప ఆరు వారాల తర్వాత అన్న మొదటి మాట “పెరుగు”. ఆ పూట వార్డులో అందరం పెరుగన్నమే తిన్నాం. రెండోది వినికిడి. సిస్‌ప్లాటిన్ అనే మందు లోపలి చెవిలో సన్నని శబ్దాలు పట్టే కణాలను చంపుతుంది. అప్పుడు స, ష, త, క లాంటివి అరిగిపోయి, అచ్చులు మిగులుతాయి. పిలిస్తే పలుకుతాడు కాబట్టి చెవుడని ఎవరూ అనుకోరు. పాఠం మాత్రం అర్థం కాదు. అప్పుడు కూడా ‘శ్రద్ధ లేదు’ అనే రాస్తారు. 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో, కాలేయ గడ్డకు సిస్‌ప్లాటిన్ తీసుకున్న పిల్లలకు ఆరు గంటల తర్వాత సోడియం థయోసల్ఫేట్ ఎక్కిస్తే, వినికిడి దెబ్బతిన్నవాళ్ళు నూటికి 63 నుంచి 33కు తగ్గారు. జబ్బు వేరే అవయవాలకు పాకని పిల్లలకు వాడే మందు అది.

తలకు ఎక్కువ కరెంటు పడ్డవాళ్ళకు ఇరవై, ముప్ఫై ఏళ్ళకు ఇంకా కొన్ని రావచ్చు. చిన్న వయసులోనే పక్షవాతం, మూర్ఛ, మెదడు పొరల మీద మెనింజియోమా అనే గడ్డ. అందరికీ రావు. వచ్చినప్పుడు మాత్రం ఎదురుగా కూర్చున్న డాక్టరుకు పాత సంగతి తెలిసి ఉండాలి. మన దగ్గర తెలియదు. ఎందుకు తెలియదో మీకు చెప్పక్కర్లేదు. ఆడపిల్లకు సంబంధాలు చూసేనాటికి ఫైలు మాయమవుతుంది. పొయ్యిలో పెట్టేశామని చెప్పిన తండ్రిని నేనెరుగుదును. ఆయన్ని తప్పు పట్టలేకపోయాను. ఆ ఫైలు చూసి వెనక్కి తగ్గే పెళ్ళివాళ్ళను తయారుచేసింది మనమందరం.

బొంబాయి టాటా మెమోరియల్‌లో 1991లోనే, వైద్యం పూర్తయిన పిల్లల కోసం విడిగా క్లినిక్ మొదలుపెట్టారు. అమెరికాలో 1994 నుంచి వేలాది మందిని వెంట ఉండి చూస్తున్నారు. అలా చూసిన పదివేల మందికి పైగా పెద్దవాళ్ళ లెక్క 2006లో అచ్చయింది: నూటికి 62 మందికి ఏదో ఒక దీర్ఘకాల సమస్య ఉంది. నరాలవే కాదు, గుండె, థైరాయిడ్ అన్నీ కలిపి. మన ఊళ్ళో అంత పెద్ద ఏర్పాటు వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఒక్క కాయితం చాలు. ఏ జబ్బు, ఏ మందు మొత్తం ఎంత, తలకు ఎన్ని గ్రేలు, ఏ ఏడాది. తెలుగులో ఒక ప్రతి, ఇంగ్లీషులో ఒకటి. నేనిప్పుడు చివరి చెకప్ నాడు అది చేతిలో పెట్టందే పంపను.

బడికి మాత్రం ఇంకో కాయితం కావాలి. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. దాని కింద 2018లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, అర్హత ఉన్నవాళ్ళకు పరీక్షలో గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలి. ‘గోదావరి న’ను ‘గోదావరి నది’ చెయ్యడానికి అది సరిపోయేది. సర్టిఫికెట్టు దగ్గరే చిక్కు. కాలు పోతే మెడికల్ బోర్డు చూసి రాస్తుంది. నెమ్మదితనాన్ని ఏ టేపుతో కొలుస్తారు? క్లినికల్ సైకాలజిస్టు దగ్గర సగం రోజు కూర్చుని పరీక్షలు చేయించాలి, జిల్లాల్లో ఆ సైకాలజిస్టును వెతుక్కోవాలి. పైగా మనది ర్యాంకుల రాజ్యం. మూడు గంటల్లో నూట అరవై ప్రశ్నలకు జవాబులు గుర్తించేవాడే తెలివైనవాడని ఇంటర్ కాలేజీ గోడలన్నీ పోస్టర్లేసి చెబుతుంటాయి. మెట్రిక్ రెండుసార్లు తప్పిన భీమవరం కుర్రాడి ఫొటో ఆ గోడల మీద పట్టదు.

ఆ పిల్ల సంగతి అడుగుతారని తెలుసు. ఇప్పుడు ముప్ఫై దాటింది. టెంత్ రెండోసారికి పాసైంది, ఇంటర్ ప్రైవేటుగా కట్టింది, వాళ్ళ ఊళ్ళో మందులషాపులో పనిచేస్తోంది. సీసాల మీద పేర్లు రెండుసార్లు చదివి గాని ఇవ్వదట, ఓనరుకు అది నచ్చిందట. కిందటేడు వచ్చింది. ఈసారి తల్లితో కాదు, ఒక్కతే. “డాక్టరమ్మా, నాకు తలకు ఎంత కరెంటు పెట్టారండీ?” అంది. తలనొప్పి వస్తోంది, ఎమ్మారై తీయించమన్నారు, ఆ డాక్టరు అడిగారట.

నేను బీరువాలో పడేయించిన ఫైలు దొరకలేదు. ఎప్పుడో చెదలు పట్టి పారేశారు. రేడియేషన్ గదిలో పాత రిజిస్టర్లు అట్టలూడి, తాళ్ళతో కట్టి ఉంటే, ఇద్దరం కూర్చుని ఒక పూటంతా వెతికాం. దొరికింది. 18 గ్రేలు, పది విడతలు, తేదీలతో సహా. నేను రాసిస్తానంటే వద్దంది. సంచిలోంచి చిన్న నోటుబుక్కు తీసి, తనే చూసి రాసుకోవడం మొదలుపెట్టింది. అవే ముత్యాల్లాంటి అక్షరాలు. ఒక అంకె వేసి రిజిస్టరు చూస్తుంది, మళ్ళీ పుస్తకం చూస్తుంది, ఇంకో అంకె వేస్తుంది. బయట ఓపీ నిండిపోయింది. అటెండరు రెండుసార్లు తొంగిచూసి వెళ్ళాడు. నేను కలం మూత పెట్టి, పదో తేదీ పూర్తయ్యేదాకా అక్కడే కూర్చున్నాను.